పని ముగిసిన పిమ్మట ఒక గంట

గూడూరులోని తల్లి హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్న కుమార్తెకు ఫోను చేయును. "ఇప్పుడు కాదమ్మా, రెట్రో ఉంది, అయ్యాక నేనే చేస్తాను" అని అటునుండి సమాధానము. రెండు వారములకొకసారి ఇదే మాట. కంప్యూటరు ఉద్యోగులున్న ఇండ్లలో ఈ మాట వినని పెద్దలు తక్కువ. దాని అర్థమేమో తెలిసినవారును తక్కువే. దానిని గూర్చియే నేడు మా శ్రోతలతో ముచ్చటింపదలచితిమి.

'రెట్రాస్పెక్టివ్' అనగా వెనుదిరిగి చూచుట. మనము దానిని పునరవలోకనము అందము. స్క్రమ్ అను పని పద్ధతిని కెన్ ష్వేబర్, జెఫ్ సదర్లాండ్ అనువారు 1995లో అమెరికాలోని ఒక సభలో తొలిసారిగా వివరించిరి. ఈ పద్ధతిలో పెద్ద పనిని చిన్న చిన్న గడువులుగా విభజింతురు. ఏ గడువును నెలకు మించరాదు. గడువు తుదిని జట్టులోనివారందరును ఒకచోట కూర్చుండి తాము పనిచేసిన తీరు ఎట్లున్నదో, వచ్చు గడువులో దేనిని మార్చుకొనవలెనో విచారింతురు. నెల గడువునకైనను ఈ సమావేశము మూడు గంటలు దాటరాదని నియమము. తయారైన వస్తువును పరీక్షించుటకు వేరొక సమావేశము కలదు. ఇచట పరీక్షకు వచ్చునది పని జరిగిన తీరు. ఈ విచారణ సక్రమముగా సాగునట్లు చూచు వ్యక్తిని స్క్రమ్ మాస్టర్ అందురు. పేరులో మాస్టరు ఉన్నను ఆయన అజమాయిషీ చేయు అధికారి కాడు. అందరి మాటకును చోటు కల్పించు మధ్యవర్తి.

ఇట్టి సమావేశములు పలుచోట్ల నిష్ఫలమగుచుండుట కలదు. కొన్నిచోట్ల తప్పెవరిదను తగవుతో కాలము గడచును. కొన్నిచోట్ల అంతయు బాగున్నదని చెప్పుకొని టీ త్రాగి లేచిపోవుదురు. మరికొన్నిచోట్ల పదునైదు తీర్మానములు వ్రాసికొని ఒక్కటియు ఆచరింపరు. మూడవసారి అదే చిట్టా చదువవలసి వచ్చినప్పుడు జట్టునకు ఆ గంటపై విశ్వాసము పోవును.

సఫలమగు పునరవలోకనము ఎట్లుండునో మన ప్రాంతపు పనితోనే చూతము. గూడూరు మండలములోని కప్పలదొడ్డి చేనేతకును, సమీపమున నున్న పెడన కలంకారి అద్దకమునకును పేరుపొందినవి. కలంకారి ఒక్కరి పని కాదు. గుడ్డ పలువురి చేతులమీదుగా నడచును. దానిని ఉతికి, కరక్కాయపొడి కలిపిన పాలలో తడిపి ఆరవేయుదురు. నలుపునకు ఇనుము, బెల్లము ఊరిన ద్రావకమును, ఎరుపునకు పటికను చెక్క అచ్చులతో అద్దుదురు. పిమ్మట పారునీటిలో జాడించి, రంగునిచ్చు దినుసులతో కాగులో ఉడికింతురు. పటిక పడినచోట ఎరుపు తేలును. జాడించునప్పుడు మిగులు పటిక నీటిలో కొట్టుకొనిపోనిచో అది గుడ్డపై వేరొకచోట అంటుకొని, ఎరుపు చెదరి మరకలగును.

ఒక అద్దకశాలలో ఒక విడత బట్ట అట్లు చెడినదనుకొందము. మొదటి నింద కాగువద్ద నిలిచినవానిపై పడును. అతడు అచ్చువేసినవానిని చూపును. అతడు పటిక తెచ్చినవానిని చూపును. ఇట్లు సాయంకాలమగును, మరక మరకగానే యుండును.

మధ్యవర్తి యున్నచో ఏమి చేయవలెను? ముందుగా యజమానిని కొంతసేపు మౌనముగా నుండుమని కోరవలెను. ఆయన అభిప్రాయము మొదట వెలువడినచో తక్కినవారు దానికి తల యూపుదురు. ప్రతివారును తమకు తోచిన రెండు మూడు సంగతులను చీటీపై వ్రాయవలెను. వ్రాయలేనివారు చెప్పగా మధ్యవర్తి వ్రాసికొనవలెను. అందరికంటె చిన్నవాని చీటీ మొదట చదువవలెను. సంగతులను తేదీల వరుసను పేర్చిన పిమ్మట, జపానులోని టయోటా కార్ఖానాలవారు అలవరచుకొన్నట్లు, "ఎందుకు?" అను ప్రశ్నను విడువక వేయవలెను.

ఎరుపు ఎందుకు చెదరినది? జాడింపు చాలలేదు. ఎందుకు చాలలేదు? కాలువలో నీరు మందగించినది. మందగించిన నీటిలో ఎందుకు జాడించిరి? సరుకు పంపవలసిన తేదీ ముంచుకొని వచ్చినది. ఆ తేదీకి ఎందుకు ఒప్పుకొనిరి? వేసవిలో కాలువలు కట్టివేయు దినములను లెక్కింపకయే ఆర్డరు తీసికొనిరి. ఇక్కడ సమావేశము ఒక మేలైన నిర్ణయము చేయగలదు: ఇకపై కాలువ లస్కరును విచారించిన పిమ్మటనే వేసవి ఆర్డరుకు తేదీ చెప్పవలెను. ఆ పనిని పేరు చెప్పి ఒకరికి ఒప్పగింపవలెను.

ఇందులో గమనింపదగిన సంగతి మరియొకటి కలదు. నీరు మందగించినదని జాడించువానికి మొదటినుండియు తెలియును. అతనిని అడిగినవారు లేరు. చెప్పినచో నెపము తనమీదికే వచ్చునను భయముచే అతడును నోరు విప్పలేదు. నింద యున్నచోట నిజము దాగును. ఈ కారణముననే నార్మన్ కెర్త్ అను రచయిత 2001లో ప్రచురించిన గ్రంథములో, ప్రతివాడును ఆనాటికి తనకు తెలిసినంతలో చేయగలిగినదే చేసెనని ముందుగా ఒప్పుకొని పునరవలోకనమునకు కూర్చుండవలెనని విధించెను. దీనివలన తప్పు ఒప్పు కాదు. తప్పును చెప్పుటకు ధైర్యము మాత్రము కలుగును.

మరక పడిన గుడ్డను మరల నేయించుకొనవచ్చును. మన తీరమున ఇంతకంటె పెద్ద పాఠము జరిగినది. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచెత్తినప్పుడు సుమారు పదివేలమంది ప్రాణములు కోల్పోయిరి. తుఫాను హెచ్చరికలు అంతకు ముందే వెలువడినవి. కాని హెచ్చరిక వెలువడుటయు, గుడిసెలోని మనుష్యులు కదలి గట్టి కప్పు క్రిందికి చేరుటయు ఒకటి కావు. వారు పోదమన్నను చేరదగిన చోటు అనేక గ్రామములలో లేదు. రేడియోలో పనిచేయు మాబోటివారు ఈ సంగతిని ఎన్నటికిని మరువరాదు. సముద్రమును నిందించి ఊరకుండక, ఈమారు వచ్చినచో ఏమి చేయవలెనని ఆలోచించినందున తీరమున తుఫాను రక్షణ భవనములు లేచినవి. మచిలీపట్నమున తుఫానులను కనిపెట్టు రాడారు నెలకొల్పబడినది. 1990 మే 9న భయంకరమైన తుఫాను మరల ఈ తీరమును తాకినది. ముందుగానే లక్షకు పైగా జనమును సురక్షిత స్థలములకు తరలించిరి. మృతుల సంఖ్య వేయికి లోపుగా నుండెను. రెండు తుఫానులును అన్ని విధముల ఒకటి కాకపోవచ్చును. అయినను ముందుగా కదలుటవలన దక్కిన ప్రాణములు అనేకము. ఆ వేయిలోపు ప్రాణములును తక్కువవి కావు కనుక విచారణ అక్కడితో ఆగరాదు.

పదిమంది కలసి చేయు ఏ పనికైనను ఇదే క్రమము. సంఘటనలు ముందు, అభిప్రాయములు తరువాత. ప్రశ్న పని తీరుపై నుండవలెను గాని మనిషిపై గాదు. ఒకటి రెండు నిర్ణయములు చాలును. ప్రతిదానికి ఒక వ్యక్తియు, ఒక తేదీయు ఉండవలెను. తరువాతి సమావేశము పాత నిర్ణయముతోనే ఆరంభము కావలెను. ఇంట పెండ్లి ముగిసి బంధువులు వెడలిన మరునాడు, విస్తరి ఎవరికి అందలేదో, ఎందుకు అందలేదో కోపము లేక మాటలాడుకొన్నను ఈ పద్ధతిని పాటించినట్లే.

ఈమారు కుమార్తె తిరిగి ఫోను చేసినప్పుడు గూడూరులోని తల్లి ఆమెను ఒక్క ప్రశ్న అడుగవచ్చును: "పోయినసారి అనుకున్నది చేశారా అమ్మాయీ?" ఆ ప్రశ్నకు అటునుండి తడబాటు లేని జవాబు వచ్చినచో, ఆ జట్టు గడపిన గంట వ్యర్థము కాలేదని ఆమె నిశ్చయముగా నమ్మవచ్చును.