పొలోనియసుని క్లుప్తత

1998 నవంబరు 22న నాటి ప్రధానమంత్రి వాజపేయి సైబర్ టవర్సును ప్రారంభించిన పిదప, మాదాపూరు రాతిగుట్టల నడుమ వెలసిన హైటెక్ సిటీ కార్యాలయములలో అనేకచోట్ల ఉదయమున ‘స్టాండప్’ అను చిన్న సమావేశము జరుగుచుండును. నిన్న చేసినదేమి, నేడు చేయబోవునదేమి, పనికి అడ్డమేమి అను మూడు ముక్కలు నిలుచుండియే చెప్పి, టీమంతయు 15 నిమిషములలో ముగింపవలెనట. కూర్చున్నవాని మాట సాగినట్లు కాళ్లు నొచ్చుచున్నవాని మాట సాగదని ఈ ఏర్పాటు చేసినవారు తలచిరి కాబోలు. అయినను, “రెండే ముక్కలలో చెప్పెదను” అని ఆరంభించి, కాఫీ చల్లారువరకును వదలని మహానుభావుడొకడు ఎచ్చటనైనను ఉండనే ఉండును.

ఆయన మూలపురుషుడు షేక్స్పియరు నాటకమున గలడు. 1603లో తొలిసారి అచ్చయిన ‘హామ్లెట్’ రెండవ అంకమున, యువరాజైన హామ్లెట్‌నకు మతి చలించినదని రాజదంపతులకు విన్నవింపవచ్చిన పొలోనియసు అను మంత్రి, సంక్షిప్తతయే ‘విట్’నకు ప్రాణము గనుక తాను క్లుప్తముగా చెప్పెదనని పలికి, అటుపిమ్మట పిచ్చి యనగానేమో నిర్వచింపబూని, మాటలోనుండి మాట లాగుచుండగా, రాణి విసిగి, అలంకారములు తగ్గించి విషయము చెప్పుమనును. నేడు ఇంగ్లీషువారు సామెతగా, గంభీరముగా వల్లించు మాటను షేక్స్పియరు పెట్టినది ఇట్టి వాచాలుని నోటనే!

ఇంతకు ‘విట్’ అనగా నేమి? నేడు చమత్కారమనియు, హాస్యమనియు చెప్పుకొందుము. ఆనాడు దానికి ప్రజ్ఞ, వివేకము అను అర్థము బలముగా నుండెను. విద్యకును, వేదమునకును మూలమైన మన ‘విద్’ ధాతువునకు ఇది చుట్టమని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. కావున హాస్యమునకు క్లుప్తత ప్రాణమని తెనిగించినచో సగము అర్థము జారిపోవును.

ఈ భావమునకై మనము సముద్రములు దాటనక్కరలేదు. షేక్స్పియరునకు ఎంతో పూర్వము, కాకతీయయుగమున, పాల్కురికి సోమనాథుడు తన ‘బసవపురాణము’న, స్వల్పములైన అక్షరములలో గొప్ప అర్థమును ఇముడ్చుటయే కవికి వివేకమని చెప్పియున్నాడు. ‘విట్’నకు ‘వివేకము’ కంటె మంచి తెలుగు నాకు దొరకలేదు.

అక్షరముల పొదుపు వేరు, వానిలో అర్థమును ఇముడ్చుట వేరు. సెల్‌ఫోను సందేశమున రోమను లిపికి 160 అక్షరములు పట్టగా, తెలుగు లిపికి 70 సంకేతములే దక్కును. అందులో ‘స్త్రీ’ అను ఒక్క అక్షరమే ఆరింటిని మ్రింగును. తెలుగువారు అమ్మకు రోమను లిపిలో సందేశములు పంపుటకు ఈ లెక్కయు ఒక కారణము. ఇది యంత్రము విధించిన కొరతయే గాని సోమనాథుడు కోరిన వివేకము కాదు.

పొలోనియసునకు ఆ వివేకము కడవరకును అబ్బలేదు. మూడవ అంకమున రాణి మందిరపు తెరచాటున పొంచియుండి, నోరు మెదపకుండ నుండవలసిన ఆ ఒక్కచోట కేక వేసి, ఆ కేకవలననే హామ్లెట్ కత్తికి ఎరయయ్యెను.