పొరుగును మార్చలేం... స్నేహితుల్ని మార్చుకోవచ్చు!

హెల్సింకీ నగరానికి తూర్పున ఇటాకెస్కుస్ అనే పేట ఉంది. అక్కడ కొండరాయిని తొలిచి, భూగర్భంలో పెద్ద ఈతకొలను కట్టారు. పిల్లలు కేరింతలు కొడుతుంటారు, పెద్దవాళ్లు ఆవిరి గదుల్లో కబుర్లాడుకుంటుంటారు. కానీ పైనుంచి ఆదేశం వచ్చిందంటే మూడు రోజుల్లో నీళ్లు తోడేసి, 3,800 మంది తలదాచుకునే చోటుగా దాన్ని మార్చేస్తారు. ఇలాంటి రక్షణ గదులు ఫిన్లాండ్‌లో 50 వేలకు పైనే. జనాభా దాదాపు 56 లక్షలైతే, 48 లక్షల మందికి వాటిలో చోటుంది. ఇల్లు కాలాక బావి తవ్వే రకం కాదు వాళ్లు!

ఇంత జాగ్రత్త దేనికంటారా? పక్కనే రష్యా. ఉమ్మడి సరిహద్దు 1,340 కిలోమీటర్లు.

ఆవిరి గదిలో దౌత్యం

1939 నవంబరు 30న సోవియట్ సేనలు ఫిన్లాండ్ మీదికి వచ్చాయి. మంచులో 105 రోజులు పోరు సాగింది. దేశమైతే నిలబడింది కానీ దాదాపు పదోవంతు నేల పోయింది. నాలుగు లక్షల మందికి పైగా ఇళ్లూ వాకిళ్లూ వదిలి కట్టుబట్టలతో తరలిపోయారు. 1941లో జర్మనీ పక్కన చేరి పోయిన నేల కోసం మళ్లీ యుద్ధానికి దిగి, 1944లో మళ్లీ ఓడింది.

ఆ దెబ్బతో ఫిన్లాండ్‌కి ఒక సంగతి అర్థమైంది: పెద్ద దేశంతో గొడవ వస్తే ఆదుకోవడానికి ఎవరూ రారు. అందుకే 1948లో మాస్కోతో స్నేహ ఒప్పందం చేసుకుంది. పాతికేళ్లకు పైగా అధ్యక్షుడిగా ఉన్న కెక్కొనెన్ అయితే సోవియట్ నేత కృశ్చేవ్‌ని ఆవిరి స్నానానికి పిలిచి మరీ మాట్లాడాడు. రష్యాకి కోపం తెప్పించకూడదు, స్వాతంత్ర్యం పోగొట్టుకోకూడదు. కత్తి మీద సామే. పశ్చిమ దేశాల వాళ్లు దీన్ని చూసి ‘ఫిన్లాండైజేషన్’ అంటూ వెక్కిరించారు కూడా.

నలుగురిలో ఒక్కరు... ముగ్గురయ్యారు

1995లో యూరోపియన్ యూనియన్‌లో చేరినా, నాటో జోలికి మాత్రం పోలేదు. ‘కావాలంటే ఎప్పుడైనా చేరతాం’ అనే వీలుని దాచుకుంది. 2021 డిసెంబరులో రష్యా ‘నాటో ఇక విస్తరించకూడదు’ అని పట్టుబట్టడంతో ఆ వీలుకే ఎసరొచ్చింది. 2022 ఫిబ్రవరి 24న యుక్రెయిన్ మీద దాడి జరిగింది. అంతే, జనం మనసు మారిపోయింది. అంతకుముందు నాటోలో చేరదామనేవాళ్లు నలుగురిలో ఒక్కరు. మే నెలకల్లా ముగ్గురు! పార్లమెంటులో 188 మంది ఔనన్నారు, 8 మంది కాదన్నారు.

తుర్కియే, హంగరీ కొన్నాళ్లు మోకాలడ్డాయి. చివరికి 2023 ఏప్రిల్ 4న ఫిన్లాండ్ నాటో సభ్యదేశమైంది. రష్యాతో నాటో సరిహద్దు ఒక్కరోజులో రెట్టింపయింది. నాటో విస్తరణ ఆపడానికి కూడా అంటూ మొదలైన యుద్ధం చేసిన పని ఇదీ!

గొడుగుకీ ఖరీదుంది

గొడుగు దొరికింది సరే, వాన ఆగలేదు. రష్యా నుంచి వచ్చే కరెంటు, పైప్‌లైన్ గ్యాస్ 2022 మేలోనే ఆగిపోయాయి. హెల్సింకీ నుంచి సెయింట్ పీటర్స్‌బర్గ్‌కి వెళ్లే రైలు నిలిచిపోయింది. రష్యన్ పర్యాటకుల మీద బతికిన సరిహద్దు ఊళ్లలో బేరాలు పడిపోయాయి. 2023 చివర్లో సరైన పత్రాల్లేని వలసజీవులు, కొందరు సైకిళ్ల మీద, సరిహద్దుకు రావడం మొదలెట్టారు. రష్యాయే కావాలని పంపుతోందని ఫిన్లాండ్ ఆరోపిస్తే, మాకేం సంబంధం లేదని మాస్కో అంది. చివరికి రోడ్డు దారులన్నీ మూసేశారు. రెండు వైపులా బంధువులున్న కుటుంబాలూ చిక్కుకుపోయాయి.

2024 క్రిస్మస్ రోజున సముద్రం అడుగున ఎస్టోనియాకి వెళ్లే కరెంటు కేబుల్ తెగింది. ఓ చమురు నౌకను పట్టుకున్నారు. అయితే విచారించే అధికారం మాకు లేదంటూ హెల్సింకీ కోర్టు కేసు కొట్టేసింది. ఇది యుద్ధమా, ప్రమాదమా? తేల్చడమే కష్టమైన కాలం ఇది.

విలువల లెక్క కూడా మారింది. మానవ హక్కుల విషయంలో ముందుండే దేశం, సరిహద్దులో ఆశ్రయం అడిగేవాళ్లని వెనక్కి పంపే చట్టాన్ని 2024లో తెచ్చింది. మందుపాతరల నిషేధ ఒప్పందం నుంచి 2026 జనవరిలో బయటికొచ్చింది. పొలాల్లో ఆడుకునే పిల్లల కాళ్లు తీసేస్తాయని ప్రపంచం వద్దనుకున్న ఆయుధం అది. భయం ఉన్నచోట ఆదర్శాలు ఎంతకాలం నిలబడతాయి? ఫిన్లాండ్‌లోనూ ఈ ప్రశ్న అడిగేవాళ్లున్నారు.

మళ్లీ అదే విద్య

ఇంతలో ఆ గొడుగు పట్టుకున్న అమెరికా ధోరణి మారింది. మీ ఖర్చు మీరే పెట్టుకోండని ట్రంప్ గట్టిగా చెప్పడంతో, 2025లో నాటో దేశాలు జీడీపీలో 5 శాతం రక్షణ, భద్రతలకు పెడతామని మాటిచ్చాయి. అందుకు 2035 దాకా గడువు.

2025 మార్చిలో ఫిన్లాండ్ అధ్యక్షుడు స్టబ్ ఫ్లోరిడా వెళ్లి ట్రంప్‌తో గోల్ఫ్ ఆడి వచ్చారు. అప్పుడు కృశ్చేవ్‌తో ఆవిరి గది, ఇప్పుడు ట్రంప్‌తో గోల్ఫ్ మైదానం. పెద్దవాళ్ల మనసు కనిపెట్టుకుని ఉండటం చిన్న దేశాలకి తప్పని విద్యేమో. ఫిన్లాండ్ అందుకే ఒక్క స్నేహాన్నే నమ్ముకోలేదు. మగపిల్లలకి నిర్బంధ సైనిక శిక్షణ ఆపలేదు, ఆ రాతి గదులకి తాళాలూ వేయలేదు. ఇటాకెస్కుస్ కొలనులో నీళ్లు నిండుగా ఉన్నన్నాళ్లూ అక్కడ అంతా బాగున్నట్టే.