నిఖత్ జరీన్

నిఖత్ జరీన్ తెలంగాణ రాష్ట్రంలోని నిజామాబాదుకు చెందిన బాక్సింగ్ క్రీడాకారిణి. 2022లో ఇస్తాంబుల్‌లోను, 2023లో కొత్త ఢిల్లీలోను జరిగిన ప్రపంచ మహిళల బాక్సింగ్ పోటీలలో స్వర్ణ పతకాలు గెలుచుకుంది. ఒకటికి మించి ప్రపంచ టైటిళ్లు సాధించిన భారతీయ మహిళలలో మేరీ కోమ్ తరువాత ఈమె రెండవది. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలలో స్వర్ణం, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో కాంస్యం పొందింది. అర్జున పురస్కార గ్రహీత. 2024 నుండి తెలంగాణ పోలీసు శాఖలో డి.ఎస్.పి. హోదా కలిగి ఉంది.

బాల్యం, కుటుంబం

నిఖత్ 1996 జూన్ 14న నిజామాబాదులో జన్మించింది. అప్పటికి ఆ జిల్లా ఆంధ్ర ప్రదేశ్‌లో భాగం. తండ్రి మహమ్మద్ జమీల్ అహ్మద్, తల్లి పర్వీన్ సుల్తానా. నలుగురు అక్కచెల్లెళ్లలో ఈమె మూడవ సంతానం. తండ్రి యౌవనంలో ఫుట్‌బాల్, క్రికెట్ ఆడినవాడు. జీవనోపాధి కోసం చాలా ఏళ్లు సౌదీ అరేబియాలో పనిచేసి, కుమార్తెల చదువులు, ఆటల కోసం స్వస్థలానికి తిరిగివచ్చాడు. ఉత్తర తెలంగాణ జిల్లాలనుండి గల్ఫ్ దేశాలకు వలస వెళ్లడం సాధారణం. ఆడపిల్లల ఆటల కోసం ఆ సంపాదనను వదులుకుని రావడం మాత్రం సాధారణం కాదు.

నిఖత్ మొదట పరుగుపందేల కోసం మైదానానికి వెళ్లేది. పట్టణంలోని కలెక్టరేట్ మైదానంలో తండ్రే ఆమెకు తొలి శిక్షకుడు. అక్కడ అన్ని ఆటలలోను ఆడపిల్లలు కనిపిస్తున్నా బాక్సింగ్‌లో ఒక్కరూ లేకపోవడం గమనించి, కారణమేమిటని తండ్రిని అడిగింది. ఆ ఆటకు కావలసిన శక్తి ఆడవారికి లేదని లోకం అనుకుంటుందని ఆయన చెప్పిన జవాబే తనను బాక్సింగ్ వైపు నడిపించిందని ఆమె పలు సందర్భాలలో చెప్పింది.

నిజామాబాదులో బాక్సింగ్ నేర్పిన గురువు షంసముద్దీన్. ఆయన కుమారుడు మహమ్మద్ హుసాముద్దీన్ కూడా అంతర్జాతీయ బాక్సర్. 2018, 2022 కామన్వెల్త్ క్రీడలలో కాంస్య పతకాలు, 2023 ప్రపంచ పురుషుల పోటీలలో కాంస్యం గెలిచాడు. ఒక జిల్లా కేంద్రంలోని ఒకే గురువు వద్దనుండి ఇద్దరు ప్రపంచ స్థాయి బాక్సర్లు రావడం చెప్పుకోదగిన విషయం. నిఖత్ చేరిననాటికి అక్కడ సాధన చేసే వేరే అమ్మాయిలు లేరు. అందువలన ఆమె మగపిల్లలతోనే తలపడవలసి వచ్చింది. మొదటి రోజులలో ముక్కునుండి రక్తం కారుతూ, కంటికింద కమిలి ఇంటికి వచ్చిన కూతురిని చూసి తల్లి కంటతడి పెట్టుకుంది. ముఖానికి దెబ్బ తగిలితే పెళ్లెవరు చేసుకుంటారన్నది తల్లి బెంగ. పేరు వస్తే పెళ్లికొడుకులే వరుసకడతారులే అని కూతురు చమత్కరించిందట. బంధువులు, ఇరుగుపొరుగువారు మాత్రం అంత తేలికగా తీసుకోలేదు. పొట్టి లాగులు, చేతులు లేని బనియన్లు వేసుకుని ఆడే ఆట సంప్రదాయ ముస్లిం కుటుంబపు పిల్లకు తగదని తండ్రికి హితబోధలు చేశారు. ఆయన వాటిని పట్టించుకోలేదు.

శిక్షణ, తొలి విజయాలు

2009లో విశాఖపట్నంలోని భారత క్రీడా ప్రాధికార సంస్థ శిక్షణ కేంద్రంలో చేరింది. అక్కడ ద్రోణాచార్య పురస్కార గ్రహీత ఐ. వెంకటేశ్వరరావు ఆమెకు శిక్షణ ఇచ్చాడు. 2010లో ఈరోడ్‌లో జరిగిన జాతీయ పోటీలలో ఉత్తమ బాక్సర్‌గా ఎంపికైంది.

2011లో టర్కీలోని అంటాల్యా నగరంలో జరిగిన ప్రపంచ జూనియర్, యూత్ మహిళల పోటీలలో, ఫ్లైవెయిట్ విభాగం తుదిపోరులో ఆతిథ్య దేశపు క్రీడాకారిణి ఉల్కు డెమిర్‌ను ఓడించి స్వర్ణం గెలిచింది. అప్పటికి ఆమెకు ఇంకా పదిహేనేళ్లు నిండలేదు. 2013లో బల్గేరియాలో జరిగిన యూత్ ప్రపంచ పోటీలలో రజతం, 2014 జనవరిలో సెర్బియాలోని నోవీ సాద్‌లో జరిగిన నేషన్స్ కప్‌లో స్వర్ణం లభించాయి. హైదరాబాదులోని ఎ.వి. కళాశాలలో డిగ్రీ చదువు ఈ పోటీల మధ్యనే సాగింది.

2017లో అంతర విశ్వవిద్యాలయ పోటీలలో ఆమె భుజం కీలు తొలగింది. శస్త్రచికిత్స చేయవలసి వచ్చి, సుమారు ఒక సంవత్సరం బరికి దూరమయింది. బాక్సర్‌కు భుజమే ఆయుధం. గాయం మానిన తరువాత కూడా పూర్తి బలంతో దెబ్బ విసరడానికి మనసు వెనుకాడుతుంది. 2018లో బెల్‌గ్రేడ్ పోటీలో స్వర్ణంతో తిరిగి వెలుగులోకి వచ్చింది. 2019లో బల్గేరియా రాజధాని సోఫియాలో జరిగే స్ట్రాంజా స్మారక పోటీలో స్వర్ణం, అదే సంవత్సరం బ్యాంకాక్‌లో జరిగిన ఆసియా పోటీలలో కాంస్యం సాధించింది. ఐరోపాలోని పాత బాక్సింగ్ పోటీలలో స్ట్రాంజా ఒకటి.

2019 ఎంపిక వివాదం

నిఖత్ జీవితంలో ఎక్కువ మందికి తెలిసిన ఘట్టం ఇది. దీనిని అర్థం చేసుకోవాలంటే బాక్సింగ్‌లో బరువు విభాగాల సంగతి తెలియాలి. ప్రతి విభాగంలోను ఒక్కో దేశంనుండి ఒక్కరికే అవకాశం ఉంటుంది. జట్టు ఆటలలో పన్నెండవ క్రీడాకారిణిగానైనా చోటు దొరుకుతుంది, ఇక్కడ రెండవ స్థానానికి విలువే లేదు. మహిళల బాక్సింగ్‌ను ఒలింపిక్ క్రీడలలో మొదటిసారి 2012లో లండన్‌లో ప్రవేశపెట్టినపుడు 51, 60, 75 కిలోల విభాగాలు మాత్రమే ఉండేవి. 51 కిలోలలో కాంస్యం గెలిచిన మేరీ కోమ్ 2019లో కూడా ఆ విభాగంలోనే పోటీపడింది. నిఖత్ విభాగం కూడా అదే. ఆరుసార్లు ప్రపంచ విజేత అయిన క్రీడాకారిణి ముందున్నపుడు వెనుకనున్న వారికి దారి దొరకడం ఎంత కష్టమో ఊహించవచ్చు.

2019 అక్టోబరులో రష్యాలోని ఉలాన్ ఉదేలో జరిగిన ప్రపంచ పోటీలకు ఎంపిక పోటీ జరపకుండానే మేరీ కోమ్‌ను పంపాలని భారత బాక్సింగ్ సమాఖ్య నిర్ణయించింది. ఎంపిక పోటీకి సిద్ధమై వచ్చిన నిఖత్ నిరాశతో వెనుదిరిగింది. ప్రపంచ పోటీలలో స్వర్ణ, రజత విజేతలకు మాత్రమే ఒలింపిక్ అర్హత పోటీలకు నేరుగా ప్రవేశమని సమాఖ్య ముందుగా ప్రకటించింది. మేరీ కోమ్ కాంస్యంతో తిరిగివచ్చింది. అయినప్పటికీ ఆమెకు మినహాయింపు ఇవ్వనున్నట్లు సూచనలు వెలువడడంతో, నిఖత్ అప్పటి కేంద్ర క్రీడా శాఖ మంత్రి కిరణ్ రిజిజుకు బహిరంగ లేఖ వ్రాసింది. ఇరవైమూడు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ కూడా ప్రతిసారీ అర్హత పోటీలో పాల్గొనవలసి వచ్చిందని అందులో గుర్తుచేసింది. ఆమె కోరింది జట్టులో స్థానం కాదు, ఆ స్థానం కోసం పోటీపడే అవకాశం మాత్రమే. ఈ తేడాను నాటి చర్చలలో చాలామంది విస్మరించారు.

సమాఖ్య చివరకు ఎంపిక పోటీ జరపడానికి అంగీకరించింది. 2019 డిసెంబరు 28న ఢిల్లీలోని ఇందిరాగాంధీ స్టేడియంలో జరిగిన ఆ పోటీలో మేరీ కోమ్ 9-1 తేడాతో గెలిచింది. పోటీ ముగిసిన తరువాత ఇరువురి మధ్య కరచాలనం జరగకపోవడం వార్తలకెక్కింది. ఆటకంటే దానిపైనే ఎక్కువ చర్చ జరగడం విచారకరం. మేరీ కోమ్ 2020 మార్చిలో అమ్మాన్‌లో ఒలింపిక్ అర్హత పొంది, 2021లో జరిగిన టోక్యో క్రీడలలో ప్రీక్వార్టర్ దశలో ఓడిపోయింది. నిఖత్‌కు టోక్యో దారి మూసుకుపోయింది. కాని ఎంపిక పోటీ అడిగే హక్కు ప్రతి క్రీడాకారిణికీ ఉన్నదన్న విషయం ఆ లేఖతో బహిరంగ చర్చకు వచ్చింది.

ప్రపంచ విజేత

2021లో ఇస్తాంబుల్‌లో జరిగిన బాస్ఫరస్ పోటీలో ఇద్దరు పూర్వ ప్రపంచ విజేతలను, రష్యాకు చెందిన ఎకటెరినా పాల్త్‌సేవాను, కజకిస్తాన్‌కు చెందిన నజీమ్ కిజాయ్‌బేను వరుసగా ఓడించి, చివరకు కాంస్యం పొందింది. 2022 ఫిబ్రవరిలో స్ట్రాంజా పోటీలో రెండవసారి స్వర్ణం గెలిచింది. ఆ పోటీలో రెండు స్వర్ణాలు సాధించిన తొలి భారతీయ మహిళ ఈమె. సెమీఫైనల్లో ఆమె ఓడించినది టోక్యో ఒలింపిక్ రజత విజేత, టర్కీకి చెందిన బుసె నాజ్ చకీరోగ్లు. ఈ పేరు నిఖత్ జీవితంలో మళ్లీ వస్తుంది.

ప్రపంచ మహిళల పోటీలు మళ్లీ టర్కీలోనే, ఇస్తాంబుల్‌లో, 2022 మేలో జరిగాయి. 52 కిలోల విభాగంలో మెక్సికో, మంగోలియా, ఇంగ్లండు, బ్రెజిల్ క్రీడాకారిణులను ఓడించి తుదిపోరుకు చేరింది. మే 19న జరిగిన తుదిపోరులో థాయిలాండుకు చెందిన జిత్‌పాంగ్ జుటామాస్‌ను 5-0 తేడాతో ఓడించింది. ఇక్కడ 5-0 అంటే అయిదు దెబ్బలు కాదు. బరి చుట్టూ అయిదుగురు న్యాయనిర్ణేతలు కూర్చుంటారు. మూడేసి నిమిషాల మూడు రౌండ్లలోను ప్రతి రౌండులో మెరుగైనవారికి 10, రెండవవారికి 9 లేదా అంతకు తక్కువ పాయింట్లు వేస్తారు. చివరకు అయిదుగురూ ఒకరినే విజేతగా తేల్చితే అది 5-0, ఏకగ్రీవ తీర్పు.

దీనితో మేరీ కోమ్, సరితాదేవి, జెన్నీ, లేఖ తరువాత ప్రపంచ విజేత అయిన అయిదవ భారతీయ మహిళగా ఈమె నిలిచింది. సరితాదేవి, జెన్నీ, లేఖ ముగ్గురూ స్వదేశంలో, 2006 ఢిల్లీ పోటీలలో గెలిచినవారే. మేరీ కోమ్ ఆమెకు అభినందనలు తెలిపింది. తెలంగాణ ప్రభుత్వం రెండు కోట్ల రూపాయల నగదు బహుమతి, హైదరాబాదులో ఇంటి స్థలం ప్రకటించింది.

52 కిలోలు కామన్వెల్త్, ఒలింపిక్ క్రీడలలో లేని విభాగం. కనుక ఆమె 50 కిలోలకు దిగవలసి వచ్చింది. రెండు కిలోలే కదా అని పాఠకులకు అనిపించవచ్చు. కొవ్వు అప్పటికే తక్కువగా ఉండే క్రీడాకారిణి శరీరంలో ఆ రెండు కిలోలు తిండినుండి, నీటినుండి తగ్గించవలసినవి. పైగా పోటీ రోజు ఉదయం తూకం వేస్తారు. ముందునాడు తూగితే చాలదు. 2022 ఆగస్టు 7న బర్మింగ్‌హామ్‌లో ఉత్తర ఐర్లండుకు చెందిన కార్లీ మెక్‌నాల్‌ను 5-0తో ఓడించి కామన్వెల్త్ స్వర్ణం, 2023 మార్చి 26న ఢిల్లీలో వియత్నాంకు చెందిన న్గుయెన్ థి తామ్‌ను ఓడించి రెండవ ప్రపంచ టైటిలు గెలిచింది. రెండూ 50 కిలోల విభాగంలోనే.

హాంగ్‌ఝౌ, పారిస్

2022లో జరగవలసిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలు కోవిడ్ కారణంగా 2023 సెప్టెంబరు, అక్టోబరు నెలలకు వాయిదాపడ్డాయి. సెమీఫైనలుకు చేరడంతోనే నిఖత్ పారిస్ ఒలింపిక్ క్రీడలకు అర్హత పొందింది. సెమీఫైనల్లో థాయిలాండుకు చెందిన చుతామత్ రక్సత్ చేతిలో 3-2 తేడాతో ఓడి కాంస్యంతో సరిపెట్టుకుంది.

2024 పారిస్ క్రీడలలో పతకం తెస్తారని దేశం ఆశించిన కొద్దిమందిలో నిఖత్ ఒకరు. కాని రెండుసార్లు ప్రపంచ విజేత అయినా ఆమెకు అక్కడ సీడింగ్ దక్కలేదు. అంతర్జాతీయ బాక్సింగ్ సంఘానికి ఉన్న గుర్తింపును అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం 2019లో నిలిపివేసి, 2023లో పూర్తిగా ఉపసంహరించింది. ప్రపంచ పోటీలు జరిపింది ఆ సంఘమే కనుక, వాటి ఫలితాలు ఒలింపిక్ సీడింగ్‌లో లెక్కకు రాలేదు. పాలకుల మధ్య తగవుకు క్రీడాకారులు మూల్యం చెల్లించడం ఇదే మొదటిసారి కాదు. జులై 28న జర్మనీకి చెందిన మాక్సీ క్లోట్జర్‌ను 5-0తో ఓడించిన నిఖత్‌కు, ఆగస్టు 1న రెండవ పోటీలోనే చైనాకు చెందిన అగ్రశ్రేణి బాక్సర్ వూ యు ఎదురైంది. ఆ పోటీలో 0-5తో ఓడిపోయింది. తూకం కోసం రెండు రోజులుగా సరిగా తినలేదని, నీళ్లు కూడా త్రాగలేదని పోటీ అనంతరం కన్నీళ్లతో చెప్పింది. వూ యు ఆ విభాగంలో స్వర్ణం గెలుచుకుంది.

తరువాతి కాలం

2021లో బ్యాంక్ ఆఫ్ ఇండియా ఆమెకు హైదరాబాదు కార్యాలయంలో ఉద్యోగం ఇచ్చింది. భారతదేశంలో క్రికెట్ వంటి ఒకటి రెండు ఆటలు మినహా ఆటనుండి వచ్చే ఆదాయంతో జీవించడం కష్టం. రైల్వేలు, పోలీసు శాఖ, బ్యాంకులు, ప్రభుత్వ రంగ సంస్థలు ఇచ్చే ఉద్యోగాలే క్రీడాకారులకు ఆధారం. జీతం వస్తుంది, సాధనకు సెలవు దొరుకుతుంది, ఆట ముగిసిన తరువాత కూడా ఉద్యోగం మిగులుతుంది. 2024 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం ఈమెను డి.ఎస్.పి.గా నియమించింది. మరుసటి నెలలో క్రికెట్ ఆటగాడు మహమ్మద్ సిరాజ్ కూడా అదే హోదాలో చేరాడు.

2023లో వరల్డ్ బాక్సింగ్ అనే కొత్త అంతర్జాతీయ సంస్థ ఏర్పడింది. 2025లో దానికి ఒలింపిక్ సంఘం గుర్తింపు లభించింది. ఆ సంస్థ నిర్ణయించిన విభాగాలను అనుసరించి నిఖత్ 51 కిలోలకు మారింది. 2025 సెప్టెంబరులో ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో ఆ సంస్థ జరిపిన ప్రపంచ పోటీలలో క్వార్టర్ ఫైనల్ వరకు చేరి, స్ట్రాంజాలో తాను ఓడించిన బుసె నాజ్ చకీరోగ్లు చేతిలోనే ఓడిపోయింది. అదే సంవత్సరం నవంబరు 20న గ్రేటర్ నోయిడాలో జరిగిన ప్రపంచ బాక్సింగ్ కప్ తుదిపోరులో చైనీస్ తైపీకి చెందిన గువో యి షువాన్‌ను 5-0తో ఓడించి స్వర్ణం గెలుచుకుంది.