లక్ష్మి ఒత్తు చెదిరింది!

హోసూరు దగ్గరి మా తెలుగు బడికి ఒక పూర్వ విద్యార్థి తన చిన్ననాటి వాచకాన్ని కొద్ది రోజులకు ఇచ్చారు. పిల్లలతో కలిసి ఫోన్లలో పేజీలన్నీ ఫొటోలు తీశాం. తీరా ల్యాబ్‌లో చూస్తే కొన్ని తెరుచుకోలేదు. అవి 2017 నుంచి ఐఫోన్లలో వస్తున్న హెచ్‌ఈఐసీ ఫైళ్లు. మా పాత సాఫ్ట్‌వేర్‌కు ఆ ఫార్మాట్ తెలియదు. ఫైలు పేరు చివర జేపీజీ అని మార్చినా ఫలితం లేదు. పేరు మారితే లోపలి అమరిక మారదు కదా! ఫోన్ సెట్టింగ్ మార్చి, జేపీఈజీలో మళ్లీ తీశాం.

అప్పుడు ఇంకో చిక్కు. జేపీఈజీ బొమ్మను 8×8 పిక్సెళ్ల గళ్లుగా విడదీసి, కంటికి అంతగా ఆనని వివరాలను వదిలేస్తుంది. అసలు ఫైలునే దిద్ది, పదే పదే సేవ్ చేయడంతో ‘లక్ష్మి’లోని ఒత్తులు అలుక్కుపోయాయి. అప్పటికే పుస్తకం తిరిగిచ్చేశాం. మొహమాటపడుతూనే మళ్లీ అడిగి తెచ్చుకున్నాం.

ఇప్పుడు అసలు ఫైలును ముట్టుకోం. నకలును ఉచితంగా దొరికే గింప్‌లో తెరిచి, పని సాగినంతకాలం ఎక్స్‌సీఎఫ్‌లో దాచి, చివరికి పీఎన్‌జీగా మారుస్తాం. ఫైలు పెద్దదైనా అక్షరం చెదరదు.

మీ బడి బీరువాలోనూ పాత వాచకం ఉందా? ఫొటో తీయండి. తీసిన ఫైలును మాత్రం దిద్దకండి.