ఊహించని ఎత్తు

సంక్రాంతి వచ్చినదంటే కృష్ణా, గోదావరి డెల్టాలలో కోడిపందేల ప్రస్తావన రాక మానదు. పందెగాళ్ళు పుంజులను ఈకల రంగునుబట్టి కాకి, డేగ, నెమలి, పింగళ, కౌజు మొదలైన పేర్లతో పిలుస్తారు. ఏ వారమున, ఏ జామున ఏ రంగు పుంజు ఏ రంగు పుంజుపై గెలుస్తుందో చెప్పే ‘కుక్కుట శాస్త్రం’ ఒకటి వారికి ప్రమాణం. జంతువులను పోట్లాటకు పురికొల్పడాన్ని 1960 నాటి జంతుహింసా నివారణ చట్టం నేరంగా పరిగణించినది. అయినను ఈ శాస్త్రాన్ని నమ్మి డబ్బు ఒడ్డేవారు నేటికీ ఉన్నారు.

ఇందులో ఒక చిక్కు ఉన్నది. ఆ పుస్తకం ఒక్కరి దగ్గరే ఉండదు. బరికి అటువైపు నిలిచినవాడు కూడా దానినే చదివి ఉంటాడు. శాస్త్రం నిజమే అనుకున్నప్పటికీ, ఇద్దరికీ తెలిసినది ఏ ఒక్కరికీ ప్రత్యేకమైన లాభం చేకూర్చదు. మరి లాభం ఎక్కడనుండి వస్తుంది? ఈ ప్రశ్నకు సమాధానం, ఏ ప్రాణికీ నొప్పి కలగకుండా తెరమీద ఆడే ఒక ఆటలో స్పష్టంగా కనిపిస్తుంది.

తెరమీది బరి

1996 లో జపానులో వెలువడిన ‘పోకెమాన్’ అనే వీడియో ఆటను నేడు ప్రపంచమంతటా ఆడుతున్నారు. ఇందులో ఆటగాడు కొన్ని వింత జంతువులను పెంచి, ఎదుటివాని జంతువులతో పోరాడిస్తాడు. ఈ జంతువులు 18 జాతులు. నీటిజాతి నిప్పుజాతిని, నిప్పుజాతి పచ్చికజాతిని, పచ్చికజాతి నీటిజాతిని గెలుస్తుంది. అనుకూలమైన దెబ్బకు బలం రెండింతలు. ప్రతికూలమైన దెబ్బకు సగం. ఒక జంతువు రెండు జాతులకు చెంది, ఆ రెండూ ఒకే దెబ్బకు లొంగేవైతే దాని బలం నాలుగింతలవుతుంది.

కుక్కుట శాస్త్రానికీ దీనికీ పోలిక ఉన్నది గాని, భేదం కూడా ఉన్నది. పుంజు ఈక రంగుకూ, ఆనాటి వారానికీ గల సంబంధం నమ్మకం మాత్రమే. ఇక్కడ పట్టికను ఆట తయారుచేసినవారే యంత్రంలో అమర్చినారు గనుక అది తప్పదు. అందుచేత ఈ ఆటలో నిజంగా లెక్క కట్టవచ్చును.

జంటపోరు పోటీలలో ఒక్కొక్కరు ఆరు జంతువులతో వస్తారు. ప్రతి ఆటకూ వాటినుండి నాలుగింటిని ఎన్నుకొని, రెండేసి చొప్పున బరిలోకి దింపుతారు. బలమైన జంతువులేవో అందరికీ తెలుసును. కనుక చాలామంది వాటినే తెస్తారు. వాటిని ఎదుర్కొనడానికే అభ్యాసం చేస్తారు. ఊహించని ఎత్తుకు చోటు ఏర్పడేది సరిగా ఇక్కడనే.

ఉడుత చేసిన సాయం

2014 ఆగస్టులో అమెరికాలోని వాషింగ్టన్ నగరంలో ఈ ఆటకు ప్రపంచ పోటీలు జరిగినవి. దక్షిణ కొరియాకు చెందిన పార్క్ సే జున్ తన జట్టులో ‘పచిరిసు’ అనే ఉడుతవంటి చిన్న జంతువును చేర్చుకొని వచ్చినాడు. ప్రాణం, వేగం, దాడి మొదలైన ఆరు బలాలను కలిపితే దాని మొత్తం 405. ఆనాడు పేరుపడిన ‘గార్చోంప్’ మొత్తం 600. అంత బలహీనమైన జంతువును జట్టులో చూసినవారు విస్తుపోయినారు. అయినను ఆ సంవత్సరం జగజ్జేత పార్క్ సే జున్.

కారణం అదృష్టం ఒక్కటే కాదు. అతని జట్టులోని ‘గ్యారడోస్’ నీటిజాతికీ, ఎగిరేజాతికీ చెందినది. విద్యుత్తు ఆ రెండింటికీ శత్రువు గనుక దానికి విద్యుత్తు దెబ్బ నాలుగింతలు. ఉడుత ముందుకు వచ్చి, ప్రక్కనున్న తోడు జంతువుకు గురిపెట్టిన దెబ్బను తనమీదికి త్రిప్పుకొనగలదు. విద్యుత్తు తగిలితే దానికి హాని కలగకపోగా, మొత్తం ప్రాణంలో నాలుగవ వంతు తిరిగి వస్తుంది. ఎదుటి జంతువు ఎంత పెద్దదైనా, దానికి మిగిలి ఉన్న ప్రాణాన్ని ఒక్క కాటుతో సగం చేయగలదు. ఈ పనులలో ఏ ఒక్కదానికీ ఉడుత దాడిబలంతో అవసరం లేదు. 405 అనే అంకెను చూసి తీసివేసినవారు ఈ సంగతిని గమనించలేదు.

సరి, బేసి లెక్క

చింతపిక్కలను గుప్పిట దాచి “సరా, బేసా?” అని అడిగే ఆట మన పిల్లలకు తెలిసినదే. దాచేవాడు పదింటిలో ఏడుసార్లు సరి దాస్తాడని ఎదుటివాడు కనిపెట్టితే, ఎప్పుడూ “సరి” అని చెప్పి ఏడుసార్లు గెలుస్తాడు. సరిని, బేసిని సమానంగా, క్రమం తెలియకుండా దాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. ఇటువంటి ఆటలకన్నిటికీ మూలమైన సూత్రాన్ని 1928 లో జాన్ వాన్ న్యూమన్ అనే గణితవేత్త నిరూపించినాడు.

మన ప్రశ్నకు దానిని అన్వయించి చూద్దాము. ఊహకోసం కొన్ని అంకెలు తీసుకొందాము. ఎదుటివాడు మామూలు వ్యూహానికి సిద్ధపడి ఉంటే, మామూలు వ్యూహంతో నూటికి 40, కొత్త వ్యూహంతో 60 ఆటలు గెలుస్తామనుకొందాము. అతడు కొత్తదానికి సిద్ధపడి ఉంటే, మామూలుదానితో 70, కొత్తదానితో 20 మాత్రమే గెలుస్తాము. ఎప్పుడూ మామూలు వ్యూహమే వాడితే అతడు దానికే సిద్ధపడతాడు; మనకు దక్కేది 40. ఎప్పుడూ కొత్తదే వాడితే 20. ఏడింటిలో నాలుగుసార్లు మామూలుది, మూడుసార్లు కొత్తది క్రమం తెలియకుండా వాడితే, అతడు దేనికి సిద్ధపడినా సుమారు 48 లేక 49 దక్కుతవి. విడిగా చూస్తే కొత్త వ్యూహం నాసిరకమైనదే. కాని అది ఉండవచ్చునన్న అనుమానం మామూలు వ్యూహానికి కూడా బలం చేకూరుస్తుంది.

వ్యూహం కట్టే విధానం

కొత్తదనం కోసమే కొత్తదాన్ని తెచ్చేవాడు తరచుగా ఓడిపోతాడు. మొదట ఎదుటివారు ఎక్కువగా ఏయే జంతువులను తెస్తున్నారో లెక్క వేసుకొనవలెను. వారు దేనికి కాపలా పెట్టుకొనలేదో పిమ్మట వెదకవలెను. ఆ సందులో దూరగల జంతువును ఎన్నుకొనేటప్పుడు దాని మొత్తం బలాన్నిగాక, చేయవలసిన పనికి ఎంత బలం కావాలో చూడవలెను. అది ఎన్ని దెబ్బలకు ఓర్చుకొంటుందో కాగితంమీద తేల్చుకొనవలెను. గుట్టు బయటపడిన తరువాత కూడా దానికి ఏదో ఒక ఉపయోగం మిగిలి ఉండవలెను.

చివరి నియమం ముఖ్యమైనది. ఎందుకనగా ఆశ్చర్యం తొందరగా చెడిపోయే సరుకు. చదరంగంలో ఇది బాగా కనిపిస్తుంది. 2024 లో సింగపూరులో జరిగిన ప్రపంచ చదరంగ పోటీలో, చెన్నైలోని తెలుగు కుటుంబంలో పుట్టిన గుకేశ్, చైనాకు చెందిన డింగ్ లిరెన్ తలపడినారు. విజయవాడకు చేరువనే ఉన్న గుంటూరు వాసి పెంటేల హరికృష్ణ గుకేశ్‌కు సహాయం చేసిన బృందంలో ఒకరు. మొదటి ఆటలో డింగ్ అగ్రశ్రేణి పోటీలలో అంత తరచుగా కనిపించని ‘ఫ్రెంచి రక్షణ’ చేపట్టి గెలిచినాడు. గెలుపుకు అదొక్కటే కారణం కాదు. కాని పదమూడవ ఆటలో ఆ రక్షణ మళ్ళీ బరిలోకి వచ్చేసరికి గుకేశ్ వేరొక దారి సిద్ధం చేసుకొని వచ్చినాడు. ఆ ఆట సమానంగా ముగిసినది. పోటీని చివరకు 7½–6½ తేడాతో గుకేశ్ గెలిచినాడు.

ఊహించని ఎత్తు అంటే గుడ్డి తెగింపు కాదని దీనివలన తేలుతున్నది. దాని బలమంతా ఎదుటివాని అంచనాలోనే ఉన్నది. ఆ అంచనాను కొలవగలిగినవానికి అది ఉపాయం. కొలవలేనివానికి మరొక పందెం మాత్రమే. విజయవాడలో సెల్‌ఫోను తెరపై ఆడే బాలుడు తాను ఓడిన ఇరవై ఆటలలో ఎదుటివారు ఏమి తెచ్చినారో ఒక పుస్తకంలో వ్రాసుకొంటే చాలును. ఆ పట్టిక అతనికి ఏ శాస్త్రగ్రంథమూ చెప్పలేని సంగతి చెబుతుంది. పైగా అది బరికి అటువైపు ఉన్నవానికి తెలియదు.