పిసక్కూడని రొట్టె

ఐర్లండ్ సోడా బ్రెడ్‌లో పడేవి నాలుగే: గోధుమ పిండి, ఉప్పు, వంట సోడా, పుల్ల మజ్జిగ. ఈస్టుతో పని లేదు, రాత్రంతా పులియబెట్టక్కర్లేదు. పిండి తడిపిన గంటలోపే రొట్టె చేతికొస్తుంది. ఇంత తేలికైనదీ చెడిందంటే, చేసినవాళ్లకు శ్రద్ధ మరీ ఎక్కువై ఉంటుంది.

ఈస్టు ప్రాణమున్న జీవి. పిండిలోని చక్కెరలు తింటూ గంటల తరబడి మెల్లగా వాయువు వదులుతుంది. అంతసేపూ ఆ వాయువును పట్టి ఉంచడానికి పిండికి సాగే గుణం కావాలి. అందుకే పిసుకుతారు, పిసికిన కొద్దీ గోధుమలోని ప్రోటీన్లు గ్లూటెన్‌గా అల్లుకుంటాయి. ఐర్లండ్ చల్లని, తడి వాతావరణంలో పండే గోధుమలో ప్రోటీన్ తక్కువ. ఈస్టు రొట్టెకు ఆ పిండి చాలదు. 19వ శతాబ్దంలో వంట సోడా చవగ్గా దొరకడం మొదలయ్యాక ఆ బలం లేని పిండికే కాలం కలిసొచ్చింది. వెన్న తీసిన మజ్జిగ ఎలాగూ ఇంట్లో మిగిలేది. ఓవెన్ లేనివాళ్లు మూడు కాళ్ల ఇనప పాత్రలో పిండిముద్ద పెట్టి, మూత మీద కూడా నిప్పులు పోసి కాల్చేవారు.

సోడా క్షారం. మజ్జిగలోని లాక్టిక్ ఆమ్లం తగలగానే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. మన మైసూర్ బజ్జీ గుల్లగా వచ్చేదీ పుల్ల పెరుగుకూ సోడాకూ పడే ఈ తగాదా వల్లే. అయితే ఈ వాయువుకు ఈస్టుకున్న ఓపిక లేదు. కలిపిన క్షణం నుంచే బయటికి పోతుంటుంది, అయిపోతే మళ్లీ రాదు. కాబట్టి ముందు ఓవెన్‌ను 230 డిగ్రీలకు వేడెక్కించి, ఆ తర్వాతే మజ్జిగ పోయాలి. మధ్యలో ఫోన్ మోగితే మోగనివ్వండి.

450 గ్రాముల మైదాకు ఒక చిన్న చెంచా సోడా, ఒక చిన్న చెంచా ఉప్పు. కలిపి జల్లించాలి, సోడా ఉండకట్టిన చోట రొట్టెలో పసుపు మచ్చలు తేలతాయి. ఇంకాస్త వేస్తే ఇంకాస్త పొంగుతుందన్న ఆశ చాలామందికి ఉంటుంది. ఆమ్లం సరిపోక మిగిలిన వంట సోడా ఓవెన్ వేడికి సోడియం కార్బొనేట్‌గా, అంటే బట్టలుతికే సోడాగా మారుతుంది. ఆ సంగతి నాలుకకు వెంటనే తెలుస్తుంది.

మజ్జిగ 350 నుంచి 400 మిల్లీలీటర్లు పడుతుంది. మండుటెండలో వచ్చిన చుట్టానికి ఇచ్చే పలుచటి మజ్జిగ ఇక్కడ పనికిరాదు, అందులో నీళ్లే తప్ప పులుపు ఉండదు. రెండు పాళ్ల పుల్ల పెరుగుకు ఒక పాలు నీళ్లు పోసి చిలికితే సరిపోతుంది. అల్లం, పచ్చిమిర్చి వేసిన మజ్జిగ వాడితే వచ్చేది వేరే వంటకం, దానికి నా పూచీ లేదు.

పిండి మధ్యలో గుంట చేసి మజ్జిగ పోసి, వేళ్లు విడదీసి ఒక చేత్తోనే గుండ్రంగా తిప్పాలి. పొడి పిండి కనబడకుండా పోయిందా, ఆపేయండి. చపాతీ ముద్దలా నున్నగా చేయాలని చేతులు లాగుతాయి. లొంగితే గ్లూటెన్ బిగిసి రొట్టె రాయవుతుంది, ఈలోగా వాయువూ పోతుంది. గతుకుల ముద్దనే నాలుగు సెంటీమీటర్ల మందాన గుండ్రంగా సర్ది, పైన కత్తితో లోతుగా అడ్డంగా, నిలువుగా రెండు గాట్లు పెట్టాలి. అవి దేవకన్యలు బయటికి పోవడానికని ఐర్లండ్‌లో చెబుతారు. మందమైన నడిమి భాగానికి వేడి అందేదీ ఆ గాట్ల వల్లే.

230 డిగ్రీల దగ్గర పావుగంట, తర్వాత 200కు తగ్గించి మరో అరగంట. తిరగేసి అడుగున వేలితో కొడితే డొల్ల శబ్దం రావాలి; రాకపోతే ఇంకో ఐదు నిమిషాలు.

అమెరికా వంటిళ్లలో దీనికి పంచదార, గుడ్డు, కిస్‌మిస్ చేరాయి. బాగానే ఉంటుంది, కేకు కూడా బాగానే ఉంటుంది కదా.

పైపొర మెత్తగా ఉండాలంటే వేడి మీదే బట్టలో చుట్టాలి. కోయడానికి మాత్రం చల్లారనివ్వాలి, లేకపోతే లోపల జిగురుగా అంటుకుంటుంది. మర్నాటికి గట్టిపడుతుంది, అప్పుడు ముక్కలు కోసి పెనం మీద వెన్నతో కాల్చుకోవచ్చు.