ఓపెన్ సోర్స్ సాఫ్టువేరు: ఆశింపదగినదేమి, ఆశింపరానిదేమి?

వేసవి రాగానే ఊరి కూడలిలో ఎవరో ఒక పుణ్యాత్ముడు చలివేంద్రము పెట్టించును. బాటసారి దాహము తీర్చుకొని తన దారిని పోవును. కుండలోని నీరు తాను కోరినంత చల్లగా లేదని అతడు కుండ పెట్టినవానిని నిలదీయడు. అట్లని నీరు మురికిగా నున్నను మాటాడక త్రాగవలెనని ఎవ్వరును చెప్పరు. వెలలేక లభించిన వస్తువు విషయమున మన హక్కు ఎంతవరకు, మన బాధ్యత ఎంతవరకు? ఓపెన్ సోర్స్ సాఫ్టువేరును వాడువారందఱును ఏనాడో ఒకనాడు ఎదుర్కొనక తప్పని ప్రశ్న యిది.

ముందుగా మాటకు అర్థము తెలిసికొందము. కంప్యూటరు చేయు ప్రతి పనికిని ఒక ప్రోగ్రాము కావలెను. నిపుణులు దానిని మనుష్యులు చదువగల భాషలో వ్రాసి, పిదప యంత్రమునకు తెలియు రూపమునకు మార్చుదురు. ఆ మొదటి వ్రాతకు సోర్స్ కోడ్ అని పేరు. దానిని మనము మూలపాఠమని వ్యవహరింతము. పెక్కు వ్యాపారసంస్థలు మూలపాఠమును గోప్యముగా నుంచి, యంత్రరూపమును మాత్రమే మనకిచ్చును. ఓపెన్ సోర్స్ పద్ధతిలో మూలపాఠము బహిరంగము. దానిని ఎవరైనను చదువవచ్చును. ఏ పనికైనను వాడవచ్చును. తమ యవసరమునకు తగినట్లు మార్చుకొనవచ్చును. మార్చినదానిని ఇతరులకు పంచిపెట్టవచ్చును. ఈ హక్కులను లైసెన్సు అను పత్రము స్పష్టముగా తెలుపును.

1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అను ప్రణాళికను ప్రకటించి ఈ యుద్యమమునకు అంకురార్పణ చేసెను. 1991లో ఫిన్లండు దేశపు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ లినక్సును వెలువరించెను. 'ఓపెన్ సోర్స్' అను పేరు 1998లో వాడుకలోనికి వచ్చెను. అంతకు పూర్వము నుండియు దీనికి ఇంగ్లీషున 'ఫ్రీ' సాఫ్టువేరు అను పేరు కలదు. ఆ మాటకు వెలలేనిదనియు, స్వేచ్ఛ గలదనియు రెండర్థము లుండుటచే చాల అపోహలు కలిగెను. మన తెలుగున ఉచితము వేఱు, స్వేచ్ఛ వేఱు. ఈ భేదమును మనస్సునం దుంచుకొన్నచో సగము చిక్కు విడిపోవును.

ఒక యుదాహరణము చూతము. మన దేశమున అనేక కళాశాలల గ్రంథాలయములలో కోహా అను ప్రోగ్రాము వాడుకలో నున్నది. పుస్తకముల సూచి, చదువరుల పట్టిక, ఎరవిచ్చిన పుస్తకముల లెక్క, అన్నియు అందులోనే యుండును. అది పుట్టినది న్యూజీలండులో. హోరోవెన్యువా అను ప్రాంతపు గ్రంథాలయ సంస్థవారి పాత పద్ధతి 2000 సంవత్సరమునకు పనికిరానిదని తేలెను. వారు 1999లో కటిపో అను సంస్థచేత క్రొత్త ప్రోగ్రామును వ్రాయించి, 2000 జనవరి మొదటి వారమున వాడుక ప్రారంభించి, మూలపాఠమును లోకమునకు విడిచిపెట్టిరి. ఒక చిన్న ప్రాంతమువారు తమ యక్కఱకై ధనము వెచ్చించి చేయించుకొన్న పనిముట్టు నేడు వేరు ఖండముల విద్యార్థులకు ఉపకరించుచున్నది.

ఇప్పుడు ఇరువదివేల పుస్తకములు గల ఒక కళాశాల గ్రంథాలయమును ఊహింతము. కోహాకు వెల లేదని విని యాజమాన్యమువారు సంతోషించి, ఈ సంవత్సరము గ్రంథాలయపు పద్దులో కంప్యూటరు ఖర్చును పూర్తిగా కొట్టివేసిరనుకొందము. కాని ప్రోగ్రామును నడుపుటకు ఒక యంత్రము కావలెను. దానిని అమర్చువాడు కావలెను. పాత సూచిలోని ఇరువదివేల వివరములను క్రొత్తదానిలోనికి తప్పులు లేకుండ చేర్పవలెను. గ్రంథాలయోద్యోగులకు శిక్షణ మీయవలెను. ప్రతిరాత్రియు సూచికి ప్రతి తీసి వేఱొకచోట భద్రపఱుపవలెను. వీనికి డబ్బు లేదన్నచో, ఒకనాడు యంత్రము చెడి సూచి యంతయు మాయమగును. అప్పుడు న్యూజీలండువారిని నిందించి ప్రయోజనము లేదు. ప్రోగ్రామునకు వెల లేదు గాని, దానిని నడుపుటకు ఖర్చు కలదు. ఇది మనము గ్రహింపవలసిన మొదటి విషయము.

రెండవది లైసెన్సులోనే యున్నది. ఈ ప్రోగ్రాములకు సామాన్యముగా వాడుకలో నున్న లైసెన్సులన్నియు ఒక మాట చెప్పును: ఇది ఉన్నది ఉన్నట్లుగా ఇయ్యబడినది, పూచీ ఏమియు లేదు. ఈ మాటను చదివి కొందఱు భయపడుదురు. వెల యిచ్చి కొన్న ప్రోగ్రాముల ఒడంబడికలలో సైతము ఇటువంటి వాక్యములే తఱచుగా నుండునని వారెఱుగరు. పూచీ కావలసినవారు దానిని ప్రత్యేకముగా కొనవలెను. ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములకు కూడ రుసుము తీసికొని సేవ చేయు సంస్థలు కలవు. లినక్సు విషయమున రెడ్ హ్యాట్ అను సంస్థ ఈ వ్యాపారమును పెద్దయెత్తున నడుపుచున్నది.

మూడవది, మూలపాఠము బహిరంగముగా నున్నది గనుక లోపములుండవను భ్రమ. ఇంటర్నెట్టులో రహస్యముగా వార్తలు పంపుటకు ఓపెన్ ఎస్ఎస్ఎల్ అను ప్రోగ్రామును లోకమంతటను వాడుదురు. 2012 మార్చిలో వెలువడిన దాని కూర్పులో ఒక లోపము దొరలెను. ఆ లోపముగుండ పరులు యంత్రపు జ్ఞాపకములోని రహస్యములను చదువగలిగిరి. హార్ట్‌బ్లీడ్ అను పేర అది 2014 ఏప్రిల్ 7వ తేదీన బయటపడువఱకు రెండేండ్లు గడచెను. కెనడా పన్నుల శాఖనుండి సుమారు 900 మంది సామాజిక బీమా సంఖ్యలు అపహరింపబడెను. ఎవరైనను చదువవచ్చునన్న పాఠమును చదువవలసినంత శ్రద్ధగా చదివినవారు లేకపోయిరి. ఇందఱు ఆధారపడిన ఆ ప్రోగ్రామునకు అప్పటికి సాలుకు వచ్చుచుండిన విరాళము సుమారు 2,000 డాలర్లు. పూర్తికాలము పనిచేయువాడు ఒక్కడు. ఆ తరువాతనే పెద్ద సంస్థలు కన్ను తెఱచి ధనసహాయము ఆరంభించెను.

గోప్యముగా నుంచిన ప్రోగ్రాములు ఇంతకంటె మేలా? 2018 ఫిబ్రవరిలో మన అక్షరమే ఒకటి దీనికి సాక్ష్యము పలికెను. 'జ్ఞా' అను అక్షరమును ఒక విశేష సంకేతముతో కూర్చిన రూపము ఆపిల్ సంస్థవారి ఐఫోనునకు సందేశముగా వచ్చినచో, దానిని చూపబోయిన ప్రోగ్రాము కూలిపోవుచుండెను. మూలపాఠము గోప్యమగుటచే సవరణ ఆ సంస్థవారికే సాధ్యము. వారు ఆ నెలలోనే సవరించిరి. అంతవఱకు వాడుకరులు వేచియుండిరి. లోపములు రెండు పద్ధతులలోను ఉండును. ఒకదానిలో బాధ్యుడు ఎవరో తెలియును గాని మనము చేయగలిగినది లేదు. రెండవదానిలో చేయుటకు అవకాశము కలదు గాని, చేయువాడు తప్పక యుండునని నమ్మకము లేదు.

నాల్గవది, ప్రోగ్రాము శాశ్వతముగా నుండునను నమ్మకము. సెంట్ ఓఎస్ అను లినక్సు రూపమును అనేక కార్యాలయములు ఉచితముగా వాడుచుండెను. దాని ఎనిమిదవ కూర్పునకు 2029 వఱకు సవరణలు వచ్చునని అందఱును అనుకొనిరి. 2020 డిసెంబరులో నిర్వాహకులు ఆ గడువును తగ్గించి, 2021 చివరకే ముగింతుమని ప్రకటించిరి. దానిని నమ్ముకొని ప్రణాళికలు వేసికొన్నవారి కష్టము చిన్నది కాదు. కాని మూలపాఠము అందరిది గనుక, 2021లోనే రాకీ లినక్సు, ఆల్మా లినక్సు అను రెండు క్రొత్త రూపములు దాని స్థానమున వెలసెను. కావున మనము ఆశింపదగినది శాశ్వతత్వము కాదు. ఒకరు విడిచినదానిని మఱియొకరు చేపట్టగల హక్కు. ఆ హక్కును వినియోగించుకొనువారు లేనప్పుడు ప్రోగ్రాము మూలబడును.

ఇక నిర్వాహకులతో మన వర్తన. వీరిలో జీతము తీసికొనువారు కలరు. పగలెల్ల వేఱు ఉద్యోగము చేసి, రాత్రి తీరికవేళ ఈ పని చేయువారును కలరు. 'మీ ప్రోగ్రాము పనిచేయుటలేదు, వెంటనే బాగుచేయుడు' అను ఉత్తరము వారి కేమియు తెలుపదు. ఏ కూర్పును వాడుచున్నాము, ఏమి చేసితిమి, ఏమి కావలసియుండగా ఏమి జరిగెను అను మూడు సంగతులు వ్రాసినచో ఆ యుత్తరమే సగము చికిత్స. 'ఫలాని కూర్పులో పుస్తకపు పేరునందలి క్ష్మ అను సంయుక్తాక్షరము తెరపై సరిగా నున్నది, చీటీపై అచ్చొత్తినప్పుడు విడిపోవుచున్నది' అని గ్రంథాలయాధికారి వ్రాసెననుకొందము. దేశాంతరమున నున్న నిపుణునకు తెలుగు రాకున్నను పని మొదలుపెట్టుటకు దారి దొరకును. ఆ తరువాత సమాధానమునకు ఓపిక పట్టవలెను. మనము కోరిన మార్పు వారికి నచ్చకపోవచ్చును. కాదనుటకు వారికి స్వేచ్ఛ కలదు.

తెలుగువారమైన మనకు ఇందులో ప్రత్యేకమైన స్వార్థము కూడ కలదు. ఆండ్రాయిడ్ ఫోనులలో మన గుణింతములను, ఒత్తులను సరియైన చోట కూర్చి చూపునది హార్ఫ్‌బజ్ అను ఓపెన్ సోర్స్ ప్రోగ్రామే. ఫైర్‌ఫాక్సు, లిబ్రేఆఫీసు మొదలగునవి తెలుగు మాటలతో లభించుచున్నవన్నచో, ఆ మాటలను కూర్చినవారిలో పెక్కుమంది స్వచ్ఛందముగా శ్రమించిన భాషాభిమానులు. ఎచ్చటనైన ఇంగ్లీషు మాట మిగిలియున్నచో, తెలుగు మాట వింతగా నున్నచో, అది ఎవరి నిర్లక్ష్యమనుటకంటె అచ్చటికి మనవారు ఇంకను చేరలేదనుట నిజము. ఆ పనికి ప్రోగ్రాము వ్రాయు విద్య అక్కఱలేదు. మంచి తెలుగు వచ్చియుండిన చాలును.

మావోరీ భాషలో కోహా యనగా కానుక. అతిథులు ఆతిథేయులకు సమర్పించు కానుకను ఆ జనులు ఆ పేరుతో పిలుతురు. అది ఇచ్చిపుచ్చుకొనుటలో ఒక భాగమేగాని ఏకపక్షమైన దానము కాదు. ఆ గ్రంథాలయమువారు తమ ప్రోగ్రామునకు ఈ పేరు పెట్టుట సముచితముగా నున్నది. మనము ఊహించిన కళాశాలవారు కోహాను తప్పక తీసికొనవచ్చును. మిగిలిన సొమ్ములో కొంత శిక్షణకు, కొంత సూచిని భద్రపఱచుటకు కేటాయింపవలెను. వాడుటకు ముందు నూఱు పుస్తకములతో పరీక్షించి చూడవలెను. కనబడిన లోపమును ఓపికతో వ్రాసి పంపవలెను. ఇంత చేసిన గ్రంథాలయాధికారికి, యంత్రము చెడిన మఱునాటి ఉదయమున కూడ, విద్యార్థి అడిగిన పుస్తకము ఏ బీరువాలో నున్నదో చెప్పుట కష్టము కాదు.